వేసిన రిటర్నులో తప్పు దొర్లితే ఏం చేయాలి?

వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా పరీక్షల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, గ్రూప్స్ ప్రిపరేషన్ గురించి రాస్తూనే ఉన్నాం. ఈసారి ఆదాయపు పన్ను రిటర్ను గురించి రాయడానికి ఒక కారణం ఉంది. ఈ హాస్టల్ గదుల్లో చాపలు పరచుకొని చదివిన అన్నలు, అక్కలు ఇపుడు బడుల్లో, బ్యాంకుల్లో, రైల్వేలో, పోలీసు శాఖలో, సచివాలయాల్లో పనిచేస్తున్నారు. చాలామంది ఇళ్ళల్లో నెల జీతం అందుకున్న మొదటి మనిషి వారే. నాన్న కూలికి వెళ్ళాడు, అమ్మ నాట్లకు వెళ్ళింది. ఫారం 16 అంటే ఏమిటని ఇంట్లో అడిగితే చెప్పేవారు లేరు. అందుచేత కాగితాలన్నీ ఎవరో ఒక 'ఆడిటర్ గారి' చేతిలో పెట్టడం, పాస్‌వర్డు కూడా ఆయనకే వదిలేయడం, ఐదారు వందలు ఇచ్చి రావడం అలవాటైంది. ఏడాది తరువాత ఫోనుకు ఇంటిమేషన్ వచ్చిందని మెసేజి వస్తే గుండె గుభేలుమంటుంది.

ముందుగా ఒక మాట. రిటర్నులో తప్పు దొర్లడం నేరం కాదు. తప్పులు జరుగుతాయని తెలిసే చట్టంలో వాటిని దిద్దుకునే దారులు పెట్టారు. అయితే ఏ తప్పుకు ఏ దారో వేరువేరుగా ఉంటుంది, ప్రతి దారికీ ఒక గడువు ఉంటుంది. దారి తప్పితే సరైన హక్కు ఉన్నా డబ్బు రాదు. మన మిత్రులు ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే.

ఇంకొక సంగతి కూడా చెప్పుకోవాలి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా పార్లమెంటు ఆమోదించింది. కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు వేరు. కానీ 2025–26 ఆర్థిక సంవత్సరం వరకు సంపాదించిన ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది. మనవాళ్ళ దగ్గర ఇప్పటికే చేరిన ఇంటిమేషన్లు, నోటీసులు పాత నంబర్లతోనే ఉంటాయి కాబట్టి ఈ వ్యాసంలో పాత సెక్షన్లనే వాడుతున్నాం.

వెరిఫై చేయకముందు, చేసిన తరువాత

రిటర్ను అప్‌లోడ్ చేయగానే పని పూర్తయినట్టు కాదు. దానిని వెరిఫై చేయాలి. ఆధార్‌కు అనుసంధానమైన ఫోనుకు ఓటీపీ వస్తుంది, అది కొడితే సరిపోతుంది. లేదా ఐటీఆర్-వి కాగితం మీద సంతకం చేసి బెంగళూరులోని సెంట్రలైజ్డ్ ప్రాసెసింగ్ సెంటర్‌కు పంపాలి. 2022 ఆగస్టు 1 తరువాత వేసిన రిటర్నులకు ఈ గడువును 120 రోజుల నుంచి 30 రోజులకు తగ్గించారు. ఆ 30 రోజులు దాటాక వెరిఫై చేస్తే, వెరిఫై చేసిన తేదీనే రిటర్ను వేసిన తేదీగా లెక్కిస్తారు. అంటే జూలైలో వేసినా ఆలస్యపు రిటర్ను కిందకు పోవచ్చు. అపుడు సెక్షన్ 234ఎఫ్ కింద 5,000 రూపాయల రుసుము పడుతుంది, మొత్తం ఆదాయం 5 లక్షల లోపయితే 1,000 రూపాయలు.

వెరిఫై చేయకముందే తప్పు కనబడితే అది అదృష్టమే. పోర్టల్‌లో 'డిస్కార్డ్' అనే వెసులుబాటు ఉంది. ఆ రిటర్నును కొట్టివేసి మళ్ళీ మొదటి నుంచి వేసుకోవచ్చు. అందుకని నెట్ సెంటర్‌లో అప్‌లోడ్ చేయించిన వెంటనే ఓటీపీ చెప్పేయకుండా, పీడీఎఫ్ తీసుకొని ఇంటికి వచ్చి ఒక రాత్రి చూసుకోవడం మంచిదని మా సలహా.

వెరిఫై అయిన తరువాత తప్పు కనబడితే సెక్షన్ 139(5) కింద సవరించిన రిటర్ను వేయాలి. దీనినే రివైజ్డ్ రిటర్ను అంటారు. పాతదాని మీద ఒక గడి మాత్రమే దిద్దడం కాదిది, రిటర్ను మొత్తం మళ్ళీ నింపాలి. పాత రిటర్ను అక్నాలెడ్జ్‌మెంటు నంబరు, తేదీ అందులో రాయాలి. ఎన్నిసార్లు సవరించవచ్చో పరిమితి లేదు. రిఫండు ఖాతాలో పడిన తరువాత కూడా సవరించవచ్చు, ఎక్కువ వచ్చిన సొమ్మును వడ్డీతో తిరిగి కట్టాలి, అంతే. ఆలస్యంగా వేసిన రిటర్నును ఒకప్పుడు సవరించుకునే వీలు ఉండేది కాదు. 2016 ఆర్థిక చట్టం తరువాత దానినీ సవరించే వీలు కల్పించారు.

గడువు విషయంలో జాగ్రత్త. 2025–26 మదింపు సంవత్సరపు రిటర్నులను సవరించడానికి 2025 డిసెంబరు 31 వరకు సమయం ఇచ్చారు. 2026 ఫిబ్రవరి 1న పెట్టిన బడ్జెట్‌లో ఈ గడువును స్వల్ప రుసుముతో మార్చి 31 వరకు పెంచే ప్రతిపాదన చేశారు. కాబట్టి మీ రిటర్ను ఏ సంవత్సరానిదో, దానికి పోర్టల్‌లో చూపుతున్న తేదీ ఏదో చూసుకొని పనిలోకి దిగండి. 'మార్చి దాకా ఉందట' అని ఎవరో అన్న మాట మీద ఆగవద్దు.

మన డెల్టాలో ఎక్కువగా జరిగే పొరపాట్లు

మొదటిది బ్యాంకు వడ్డీ. జీతం చూపిస్తారు, ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ మరిచిపోతారు. 'బ్యాంకు వారు టీడీఎస్ కోసుకున్నారు కదా, ఇంక మాకేం సంబంధం' అంటారు. బ్యాంకు కోసేది పది శాతం. మీరు 20 శాతం శ్లాబులో ఉంటే మిగతా పది శాతం మీరే కట్టాలి. పైగా 2021 నవంబరు నుంచి ఏఐఎస్ అనే వార్షిక సమాచార పట్టిక పోర్టల్‌లో కనబడుతోంది. అందులో వడ్డీలు, షేర్లు, భూమి రిజిస్ట్రేషన్లు వంటివి ఉంటాయి. శాఖ వారు చూసే పట్టిక మనకూ కనబడుతున్నపుడు దానిని చూడకుండా రిటర్ను వేయడం దేనికి?

రెండవది పొలం. మన ప్రాంతంలో ఉద్యోగం వచ్చినా తాత ఇచ్చిన అరెకరమో, ఎసైన్‌మెంటు భూమో, అత్తగారి వైపు ఎకరమో ఉంటూనే ఉంటుంది. కౌలుకు ఇస్తారు, ఎకరానికి ఇన్ని బస్తాలని మాట అనుకుంటారు. వరి పండే భూమి మీద వచ్చే కౌలు, బస్తాల రూపంలో వచ్చినా, డబ్బు రూపంలో వచ్చినా వ్యవసాయ ఆదాయమే. సెక్షన్ 10(1) ప్రకారం దానికి పన్ను లేదు. పన్ను లేదు కాబట్టి చూపనక్కర లేదనుకోవడమే పొరపాటు. వ్యవసాయ ఆదాయం 5,000 రూపాయలు దాటితే ఐటీఆర్-1 ఫారం పనికిరాదు, జీతగాళ్ళు ఐటీఆర్-2 వేయాలి. జీతం మీద పన్ను రేటు లెక్కించేటపుడు వ్యవసాయ ఆదాయాన్ని కలిపి చూస్తారు, పన్ను మాత్రం జీతం వరకే వేస్తారు. వ్యవసాయ ఆదాయం 5 లక్షలు మించితే భూమి ఏ జిల్లాలో ఉంది, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలా, నీటి వసతి ఉందా వర్షాధారమా అన్న వివరాలు కూడా ఫారంలో అడుగుతారు.

ఇక చేపల చెరువుల సంగతి. కైకలూరు, మండవల్లి, బంటుమిల్లి వైపు పొలాలు చెరువులై చాలా కాలమైంది. చెరువు తవ్విన చోట కూడా పట్టాదారు పాస్‌బుక్‌లో వ్యవసాయ భూమి అనే ఉంటుంది కాబట్టి చేపల మీద, రొయ్యల మీద వచ్చేది వ్యవసాయ ఆదాయమే అనుకుంటారు. పన్ను చట్టం అలా చూడదు. భూమిని దున్ని, విత్తి చేసే మూలమైన పనులు ఉంటేనే వ్యవసాయం అని 1957లో రాజా బినయ్ కుమార్ సహస్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చేపల పెంపకం వ్యాపార ఆదాయం కిందకు వస్తుంది. చెరువు కోసం పొలాన్ని లీజుకు ఇస్తే ఆ లీజు కూడా మినహాయింపు ఉన్న వ్యవసాయ కౌలు కాదు. ఒకే గట్టుకు ఈ పక్క వరి కౌలుకు పన్ను లేదు, ఆ పక్క చెరువు లీజుకు పన్ను ఉంది. ఇది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. రిటర్నులో రెంటినీ కలిపి 'వ్యవసాయం' అని రాసిన వారు మాత్రం దిద్దుకోవాలి.

మూడవది పాత విధానం, కొత్త విధానం గందరగోళం. 2023–24 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానమే డిఫాల్టు. ఫిబ్రవరి జీతం బిల్లుతో ఇచ్చిన ఐటీ స్టేట్‌మెంటులో మీరు పాత విధానం ఎంచుకొని ఇంటి లోను, ఎల్‌ఐసీ, జీపీఎఫ్ అన్నీ చూపించి ఉండవచ్చు. కానీ రిటర్నులో పాత విధానం అని టిక్కు పెట్టకపోతే అవన్నీ ఎగిరిపోతాయి. దీనిలో మెలిక ఏమిటంటే, పాత విధానం కావాలంటే రిటర్ను అసలు గడువులోగా పడి ఉండాలి. ఆలస్యంగా వేసిన రిటర్నులో పాత విధానం అడిగే వీలు లేదు. దిద్దుకోవడానికి దారి లేని పొరపాట్లలో ఇదొకటి కనుక గడువు తేదీని గోడ మీద రాసి పెట్టుకోవాలి.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు అడిగే ప్రశ్న కూడా ఇక్కడే చెప్పేస్తాం. చదువు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్పుకు సెక్షన్ 10(16) కింద పన్ను లేదు. ఖాతాలో పడిందని కంగారు పడవలసిన పని లేదు.

ఇంటిమేషన్ వచ్చినపుడు

రిటర్నును బెంగళూరు సెంటర్‌లో కంప్యూటరే సరిచూసి సెక్షన్ 143(1) కింద ఇంటిమేషన్ పంపుతుంది. రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక తొమ్మిది నెలలలోపు ఇది రావాలి. అందులో రెండు వరుసలు ఉంటాయి. ఒకటి మీరు చూపిన లెక్క, రెండవది వారు వేసిన లెక్క. కాగితం చూడగానే భయపడకుండా రెండు వరుసలనూ గీత గీతకూ పోల్చాలి. తేడా ఏ వరుసలో మొదలైందో తెలిస్తే సగం పని అయినట్టే.

వారి లెక్కలో తప్పు ఉంటే, అంటే కట్టిన పన్ను లెక్కకు తీసుకోకపోవడం, కూడిక తప్పడం, రికార్డులోనే కనబడే పొరపాటు వంటివి ఉంటే, సెక్షన్ 154 కింద రెక్టిఫికేషన్ అడగాలి. ఆ ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిశాక నాలుగేళ్ళ వరకు సమయం ఉంటుంది. ఇది పోర్టల్‌లోనే చేసుకోవచ్చు. చాలామంది ఇంటిమేషన్ పట్టుకొని బస్సెక్కి బందరు రోడ్డులోని ఆదాయపు పన్ను కార్యాలయానికి పోతున్నారు. బెంగళూరు సెంటరు ఇచ్చిన ఇంటిమేషన్‌కు ముందుగా పోర్టల్‌లోనే అడగాలి. ఫైలు ఇక్కడి అధికారికి బదిలీ అయిందని తెలిస్తే అపుడు వెళ్ళవచ్చు.

రెక్టిఫికేషన్‌ను, సవరించిన రిటర్నును కలగలపకూడదు. రిటర్నులో మీరు అడగనే అడగని మినహాయింపును రెక్టిఫికేషన్‌లో అడిగితే ఇవ్వరు. కొత్తగా ఏదైనా క్లెయిము చేయాలంటే సవరించిన రిటర్ను ద్వారానే రావాలని, అధికారికి ఉత్తరం రాస్తే చాలదని 2006లో గోట్జ్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక అక్క ఎల్‌ఐసీ ప్రీమియం చూపడం మరిచిపోయిందనుకోండి. గడువులో ఉంటే సవరించిన రిటర్నులో చూపవచ్చు. గడువు దాటాక రెక్టిఫికేషన్ పెట్టి ఎన్నిసార్లు అడిగినా 'మీ రిటర్నులో లేదు' అనే సమాధానం వస్తుంది.

ఇంటిమేషన్‌లో బాకీ చూపించి మీరు ఊరుకుంటే, తరువాతి సంవత్సరపు రిఫండును సెక్షన్ 245 కింద ఆ బాకీకి జమ చేసుకుంటారు. అంతకు ముందు ఒక మెసేజి పంపుతారు. దానికి అంగీకరిస్తున్నారో లేదో, ఎందుకు లేదో పోర్టల్‌లో రాయాలి. ఆ మెయిలు పాత ఆడిటర్ గారి ఐడీకి పోతే మీకు తెలిసేదెలా? అందుకే రిజిస్టరైన మెయిలు, ఫోను నంబరు మీవే అయి ఉండాలని మళ్ళీ మళ్ళీ చెబుతున్నాం.

ఎరియర్లు, ఫారం 10ఈ

ఉపాధ్యాయ మిత్రులకు ఇది చాలా ముఖ్యం. పీఆర్సీ వచ్చినపుడు, డీఏ పెరిగినపుడు పాత సంవత్సరాల బకాయిలు ఒకేసారి వస్తాయి. కొంత జీపీఎఫ్‌కు జమ అయినా అది కూడా ఆ ఏటి జీతంలో కలుస్తుంది. ఫలితంగా శ్లాబు పెరుగుతుంది. రావలసిన ఏడాదిలోనే ఆ డబ్బు వచ్చి ఉంటే తక్కువ పన్ను పడేది. ప్రభుత్వం ఆలస్యంగా ఇచ్చినందుకు ఉద్యోగి ఎక్కువ పన్ను కట్టకూడదు కదా. అందుకోసమే సెక్షన్ 89 కింద ఉపశమనం ఉంది.

లెక్క ఇలా ఉంటుంది. లక్ష రూపాయల ఎరియర్లు వచ్చాయనుకుందాం. ఈ ఏడాది 20 శాతం శ్లాబులో పడితే సెస్సుతో కలిపి 20,800 రూపాయలు అదనంగా కట్టాలి. అదే డబ్బు పాత సంవత్సరాలకు పంచి చూస్తే అప్పటి శ్లాబు 5 శాతం అయినపుడు 5,200 మాత్రమే పడేది. తేడా 15,600 రూపాయలు మీకు తగ్గించాలి. ఇది చిన్న మొత్తం కాదు, ఇంట్లో చదువుకుంటున్న పిల్లవాడి కాలేజీ ఖర్చులో ఒక భాగం.

కానీ ఉపశమనం రిటర్నులో రాసినంత మాత్రాన రాదు. రిటర్ను కంటే ముందు ఫారం 10ఈ ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. యూనియన్ల వారు తయారుచేసిన ఎక్సెల్ సాఫ్ట్‌వేర్‌లో 10ఈ ప్రింటు వస్తుంది, దానిని బిల్లుతో పాటు డీడీఓకు ఇస్తారు. కాగితం ఇచ్చాం కదా అని పోర్టల్‌లో వేయరు. కంప్యూటర్‌కు ఆ కాగితం తెలియదు, అందుచేత ఇంటిమేషన్‌లో ఉపశమనం మొత్తం కొట్టేసి బాకీ చూపిస్తుంది. సవరించే గడువు ఇంకా ఉంటే, 10ఈ దాఖలు చేసి ఆ వెంటనే సవరించిన రిటర్ను వేయడం నమ్మకమైన దారి. ఎరియర్లు ఏ ఏ నెలలవో తెలిపే పట్టిక కాగితాన్ని డీడీఓ దగ్గర నుంచి అడిగి తెచ్చుకొని దాచుకోండి. అది లేకుండా పాత సంవత్సరాలకు పంచడం కుదరదు.

కోసిన పన్ను కనబడకపోతే

జీతంలో పన్ను కోశారు, ఫారం 16 ఇచ్చారు, తీరా 26ఏఎస్‌లో చూస్తే సున్నా ఉంటుంది. ఇది ప్రభుత్వ కార్యాలయాల్లో తరచుగా వినబడే బాధ. అది ఎలా జరుగుతుందో తెలిస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. బిల్లులో కోసిన పన్ను చలానాగా బ్యాంకుకు పోదు, పుస్తక సర్దుబాటు ద్వారా జమ అవుతుంది. ట్రెజరీ వైపు నుంచి నెలనెలా ఫారం 24జీ పోతుంది, దానికి బిన్ అనే ఒక నంబరు వస్తుంది. డీడీఓ మూడు నెలలకొకసారి 24క్యూ అనే స్టేట్‌మెంటులో ఆ బిన్ నంబరును, ఉద్యోగుల పాన్ నంబర్లను, ఒక్కొక్కరికి కోసిన మొత్తాన్ని చూపాలి. బిన్ తప్పినా, పాన్‌లో ఒక అక్షరం తప్పినా, అసలు 24క్యూ వేయకపోయినా మీ పేరున పన్ను జమ కాదు.

కాబట్టి రిటర్నును తిరగ తిరగ సవరించి ప్రయోజనం లేదు. డీడీఓ గారు 24క్యూకు సవరణ స్టేట్‌మెంటు వేయాలి. లిఖిత పూర్వకంగా అడగండి, పాన్ కార్డు నకలు, ఆయా నెలల పే స్లిప్పులు జతచేయండి, ఇన్‌వర్డు నంబరు తీసుకోండి. 2025 ఏప్రిల్ నుంచి ఈ సవరణ స్టేట్‌మెంట్లకు కూడా కాలపరిమితి పెట్టారు కాబట్టి 'వచ్చే ఏడాది చూద్దాం లెండి' అంటే ఒప్పుకోవద్దు. ఈలోగా శాఖ నుంచి బాకీ నోటీసు వస్తే, జీతంలో నుంచి పన్ను కోసిన తరువాత అదే పన్నును ఉద్యోగి నుంచి మళ్ళీ అడగరాదని సెక్షన్ 205 చెబుతోంది. పే స్లిప్పులతో ఆ మాట రాసి సమాధానం ఇవ్వండి.

బ్యాంకు మారింది, రిఫండు తిరిగిపోయింది

రిఫండు మంజూరైనా ఖాతాలో పడకపోవడానికి మన జిల్లాల్లో ప్రత్యేకమైన కారణం ఒకటి ఉంది. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసింది. కృష్ణా జిల్లా పల్లెల్లో శాఖలున్న సప్తగిరి గ్రామీణ బ్యాంకు, గుంటూరు వైపు చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు మరో రెంటితో కలిసి 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. విలీనాలతో ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు మారిపోతాయి. పాస్‌బుక్కు మీద ఉన్న పాత కోడు రిటర్నులో రాస్తే రిఫండు తిరిగిపోతుంది. దీనికి సవరించిన రిటర్ను అవసరం లేదు. పోర్టల్‌లో కొత్త కోడుతో ఖాతాను ముందస్తుగా ధృవీకరించి, 'రిఫండ్ రీ ఇష్యూ' అని అభ్యర్థన పెడితే చాలు.

పేరు తేడా కూడా అలాంటిదే. టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనుక, పాన్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది. హాస్టల్ అడ్మిషన్ రోజున ఎవరో రాసిన స్పెల్లింగు జీవితాంతం వెంటాడుతుంది. పాన్ పేరు, బ్యాంకు పేరు కలవకపోతే ఖాతా ధృవీకరణ ఆగిపోతుంది. పాన్‌కు ఆధార్ జతపడక 'ఇన్ ఆపరేటివ్' అయితే రిఫండు ఇవ్వరు, టీడీఎస్ కూడా ఎక్కువ రేటుతో కోస్తారు. ఉద్యోగం రాకముందే, ఇక్కడ ఉన్నపుడే మూడు కాగితాల్లోనూ పేరు ఒకేలా చేయించుకుంటే ఎంతో మేలు.

రిఫండులో వాటా అడిగేవారితో జాగ్రత్త

ఇపుడు చెప్పబోయేది పొరపాటు గురించి కాదు, తెలిసి చేయించే తప్పు గురించి. 'మీకు నలభై వేలు రిఫండు తెప్పిస్తాను, అందులో ఇంత శాతం నాకు ఇవ్వండి' అనే వారు ఉన్నారు. వారు చేసేది పెద్ద విద్య ఏమీ కాదు. లేని ఇంటి అద్దె, లేని విద్యా రుణం వడ్డీ, ఇవ్వని విరాళాలు, రాని జబ్బుకు వైద్య ఖర్చు రాసేస్తారు. రిఫండు త్వరగా వచ్చేస్తుంది, ఎందుకంటే మొదటి దశలో కంప్యూటరు రసీదులు అడగదు. పక్క సీటు వారికి వచ్చింది చూసి మనవారూ పోతారు.

2023లో హైదరాబాద్, విజయవాడల్లో ఇలాంటి కన్సల్టెంట్ల దగ్గర ఆదాయపు పన్ను శాఖ తనిఖీలు చేసింది. సుమారు 40 కోట్ల రూపాయల తప్పుడు రిఫండ్ల వ్యవహారమనీ, అందులో రైల్వే, పోలీసు శాఖల ఉద్యోగులు ఎక్కువగా ఉన్నారనీ అప్పటి పత్రికలు రాశాయి. 2025 జూలై 14న దేశవ్యాప్తంగా 150కి పైగా చోట్ల సోదాలు జరిగాయి. అంతకు ముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమ రిటర్నులను తామే సవరించి 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములను వెనక్కు తీసుకున్నారని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆనాడు ప్రకటించింది.

పట్టుబడితే వాటా తీసుకున్నాయన కనబడడు. రిటర్ను మీ పాన్ మీద ఉంది, ఓటీపీ మీరు చెప్పారు. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు సెక్షన్ 270ఏ కింద ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు జరిమానా వేయవచ్చు. 40,000 రూపాయల పన్ను ఎగ్గొడితే ఆ పన్ను, దానిపై వడ్డీ కాక 80,000 జరిమానా. ప్రాసిక్యూషన్ కూడా పెట్టవచ్చు. ప్రభుత్వ ఉద్యోగికి ప్రాసిక్యూషన్ అంటే ఏమిటో మనకు తెలుసు. ఎన్ని తరాల తరువాత వచ్చిన ఉద్యోగమో కూడా తెలుసు.

ఇప్పటికే అలా చేయించుకున్నవారు ఏం చేయాలి? నోటీసు వచ్చేదాకా ఆగకూడదు. సవరించే గడువు ఉంటే సవరించాలి. గడువు పోతే 2022లో వచ్చిన సెక్షన్ 139(8ఏ) ఉంది. దీనినే అప్‌డేటెడ్ రిటర్ను, ఐటీఆర్-యు అంటారు. మొదట రెండేళ్ళుగా ఉన్న దీని గడువును 2025 ఆర్థిక చట్టం నాలుగేళ్ళకు పెంచింది. ఆలస్యమయ్యే కొద్దీ అదనపు పన్ను పెరుగుతుంది. కట్టవలసిన పన్ను, వడ్డీల మొత్తం మీద మొదటి ఏడాది 25 శాతం, రెండవ ఏడాది 50, మూడవ ఏడాది 60, నాలుగవ ఏడాది 70 శాతం. పన్ను, వడ్డీ కలిపి 14,000 రూపాయలు అనుకుంటే మొదటి ఏడాది 3,500 అదనంగా, అంటే 17,500 కట్టాలి. అదే నాలుగవ ఏడాదికి అదనమే 9,800. వడ్డీ ఈలోగా పెరిగేది వేరే. ఉదాహరణకు 2024–25 మదింపు సంవత్సరానికి 2026 మార్చి 31 వరకు 25 శాతం, 2027 మార్చి 31 వరకు 50 శాతం, ఆ తరువాత 60, 70. ఆఖరి తేదీ 2029 మార్చి 31.

ఐటీఆర్-యు పన్ను ఎక్కువ కట్టడానికే తప్ప తగ్గించుకోవడానికి కాదు. రిఫండు పెంచుకోవడానికి, నష్టం చూపడానికి పనికిరాదు. ఒక మదింపు సంవత్సరానికి ఒక్కసారే వేయగలరు. సోదా, సర్వే, మదింపు మొదలయ్యాక ఈ తలుపు సాధారణంగా మూసుకుపోతుంది. మరిచిపోయిన బ్యాంకు వడ్డీకి, చెరువు లీజుకు కూడా ఇదే దారి.

అసలు రిటర్నే వేయనివారు

అవుట్‌సోర్సింగ్‌లో, కాంట్రాక్టు పద్ధతిలో పనిచేసే మిత్రులకు ఏజెన్సీ వారు టీడీఎస్ కోస్తారు. ఏడాది ఆదాయం చూస్తే పన్ను పరిధిలోకే రాదు. 'మనకు పన్ను లేదు కదా' అని రిటర్ను వేయరు. ఆ కోసిన డబ్బు వారిదే, కానీ అడిగితేనే వస్తుంది. గడువు దాటిపోయినా సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు పెట్టవచ్చు. 2024 అక్టోబరు 1న వచ్చిన 11వ నంబరు సర్క్యులర్ ప్రకారం మదింపు సంవత్సరం ముగిశాక ఐదేళ్ళ లోపు అడగాలి. ఎందుకు ఆలస్యమైందో నిజమైన కారణం రాయాలి. ఆసుపత్రి కాగితాలు, కుటుంబంలో మరణం, ఏజెన్సీ ఆలస్యంగా ఇచ్చిన ఫారం 16 వంటి ఆధారాలు ఉంటే జతచేయాలి. కోటి రూపాయల లోపు క్లెయిములను ప్రిన్సిపల్ కమిషనర్ స్థాయిలోనే పరిష్కరిస్తారు, మనవాళ్ళందరూ ఆ లోపే కదా. అనుమతి వచ్చాక రిటర్ను వేసి రిఫండు తీసుకోవాలి.

ముందుగా పోర్టల్‌లోకి వెళ్ళి గడచిన ఐదారు సంవత్సరాల 26ఏఎస్ పట్టికలు తెరిచి చూడండి. పాస్‌వర్డు తెలియకపోతే ఆధార్ ఓటీపీతో కొత్తది పెట్టుకోవచ్చు. ఇంటర్, డిగ్రీ తమ్ముళ్ళు ఈ పని అన్నలకు, అక్కలకు, అవుట్‌సోర్సింగ్‌లో ఉన్న మేనమామలకు చేసి పెట్టగలరు. అందులో ఎక్కడైనా కోసిన పన్ను కనబడి, ఆ సంవత్సరానికి రిటర్ను లేకపోతే, ఆ సంవత్సరం పేరు ఒక కాగితం మీద రాసుకొని దానికి ఐదేళ్ళు ఎపుడు నిండుతాయో పక్కనే వేయండి. ముందుగా ముగిసేదానికి ముందుగా దరఖాస్తు పెట్టండి.